టెరాఫ్లాపులూ, పనసకర్రా

విజయనగరంలోని మా ఇంట మనవలిద్దరికీ నిత్యం ఒకటే వాగ్వాదం. పెద్దవాడిది ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పక్షం, చిన్నవాడిది ప్లేస్టేషన్ 5 పక్షం. రెండూ 2020 నవంబరులో వెలువడిన ఆటయంత్రాలే. మొదటిదాని గణనశక్తి 12 టెరాఫ్లాపులు, అంటే సెకనుకు 12 లక్షల కోట్ల లెక్కలట! రెండవదానిది 10.28. అయితే నిల్వ నుండి సమాచారం చదివే వేగంలో రెండవదే మిన్న: సెకనుకు 5.5 గిగాబైట్లు, మొదటిదానికి 2.4 మాత్రమే. పద్యానికి గణవిభజన చేసినంత శ్రద్ధగా ఈ అంకెలు వల్లిస్తారు.

వింటుంటే నాకు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి గుర్తుకు వస్తుంది. అక్కడ వీణను ఒకే పనసమాను నుండి తొలుస్తారు. కర్ర మేలైనదైతే నాదం బాగుంటుంది, కాదనను. కాని రాగం పలికించవలసినవి వాయించే వేళ్లే.

ఆటయంత్రాల చరిత్రా ఇదే చెబుతుంది. 2001లో వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్, అంతకు ఏడాది ముందరి ప్లేస్టేషన్ 2 కన్నా బలమైనది. అయినా ప్లేస్టేషన్ 2 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఎక్స్‌బాక్స్ 3 కోట్లకైనా చేరలేదు. ఆడదగిన ఆటలు దండిగా ఉండడం, డీవీడీలో సినిమా కూడా చూడగలగడం దానికి కలిసివచ్చాయి.

ఇదంతా ఎందుకంటే, ఎదురింటి పిల్లవాడి దగ్గర ఉన్నది ఆ పాత ప్లేస్టేషన్ 2యే. వీళ్ల అంకెలు విని విని మా గడప తొక్కడం మానేశాడు. అలంకారం లేని పద్యంలోనూ రసముంటుందని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. ముందు వాణ్ణి యంత్రంతో సహా పిలుచుకు రమ్మని, ఆ తరువాతే వాదమని మనవలతో అన్నాను.

మిత్రులారా, మీ ఇళ్లలో ఈ తగవు ఎలా తీరుస్తున్నారు?