ఎప్పటి ‘ఇప్పుడే’?

ఒక కథో కవితో చేతికొస్తే రాసిందెవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి అని అడుగుతాం. వాన వార్తలకు వచ్చేసరికి ఆ మూడు ప్రశ్నలూ మరిచిపోతాం. నిజానికి అవి ఎక్కువ అవసరం అక్కడే.

2025 ఆగస్టు 27న కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. ఆ రాత్రి చందూర్ నుంచి అమ్మ ఫోన్: “పోచారం తెగిందట బిడ్డా, ఇల్లిడిసి పోవాల్నా?” బాపు పోయినంక ఇంట్లో అమ్మ, ఎనభై దాటిన నాయినమ్మ ఇద్దరే. చీకట్లో, వానలో ముసలామెను బయటికి తీయడమూ ప్రమాదమే. అబద్ధాన్ని నమ్మినా, నిజాన్ని నమ్మకపోయినా ప్రాణం మీదికే.

ఎవరో పంపిన ఆ వాయిస్ మెసేజ్ నేనూ విన్నాను. “ఇప్పుడే తెగింది” అంటోంది గొంతు. ఎప్పటి ఇప్పుడే? ఆ మనిషి కట్ట మీదున్నాడా, ఇంట్లో ఉన్నాడా? పేరు లేదు, టైమ్ లేదు. ఎన్ని చేతులు మారినా ఆ ‘ఇప్పుడే’ పాతబడదు. పుకారు బలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

దాని పక్కన వాతావరణ శాఖ బులెటిన్ పెట్టి చూడండి. పొడి వచనమే, కానీ ప్రతి మాటకూ కొలత ఉంది. ఒక రోజు వాన అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. ‘అతి భారీ’ అంటే 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు. ‘అక్కడక్కడా’ అన్నదానికీ లెక్కుంది: ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా. అంచనా తప్పితే మర్నాడు ఎవరైనా పట్టుకోవచ్చు. పుకారు ఆ అవకాశం ఇవ్వదు.

అయితే బులెటిన్ జిల్లాకు చెప్తుంది, మా వాడకు కాదు. కొంత జవాబు మ్యాప్‌లో దొరికింది. పోచారం నీళ్లు ముందు మంజీరలో కలవాలి, తర్వాత నిజాంసాగర్ చేరాలి. అది దాటితే గానీ మా వైపు రావు. అంటే ఆలోచించుకునే టైమ్ ఉంది. మిగతా జవాబు కోసం చిన్నాయన కాలువ మీద తిరిగే లస్కర్‌కు ఫోన్ చేశాడు. “నేను కట్ట మీదనే ఉన్న. కాలువ నిండుగున్నది, గండి పడలే. పోచారం సంగతి మాత్రం నాకు తెల్వది” అన్నాడట. ఆ చివరి మాట వల్లే మొదటి రెండు మాటలూ నమ్మాలనిపించింది.

అమ్మ మందులు, పట్టా పాస్‌బుక్ సంచిలో సర్దుకుని తెల్లారేదాకా మేలుకునే ఉంది. వందేళ్లు దాటిన పోచారం కట్ట నిలబడింది. ఒకవేళ తెగి ఉన్నా, ఆ మెసేజ్ నమ్మదగినదని నేను అనను. గుడ్డిగా వేసిన రాయి తగిలినట్టయ్యేది, అంతే.

జలాశయం మట్టం, ఎత్తిన గేట్లు, కొలిచిన టైమ్: ఈ మూడూ గంటగంటకూ ఊరిదాకా, ఊరి భాషలో రావాలి. అవి రాని గంటల్లోనే ఊళ్లు ఆ ‘ఇప్పుడే’ని నమ్ముతాయి.