కోర్ట్రైక్ పట్టణమున మూడు గంటలు

యూరపు ఖండమునకు పోయి వచ్చినవారు పారిసును గూర్చియో లండనును గూర్చియో వ్రాయుట వాడుక. పారిసును మేమును చూచితిమి. కాని ఇల్లు చేరి ఆరు మాసములైనను మా మనస్సును విడువక యున్నది ఆ మహానగరము కాదు. బండి మారుటకై దిగి, మూడు గంటలు మాత్రము నిలిచిన కోర్ట్రైక్ అను చిన్న పట్టణము.

ఇది బెల్జియము దేశమున, ఫ్లాండర్సు సీమలో, ఫ్రాన్సు పొలిమేరకు చేరువగా నున్నది. ఫ్రెంచివారు దీనిని కూర్త్రే యందురు. లీల్ నగరమునుండి ఘెంటునకు పోవువారు ఇచ్చట బండి మారుట కలదు. మా అమ్మాయి ఘెంటు విశ్వవిద్యాలయమున చదువుచున్నది. ఆనాడు ఆమెకు సాయంకాలము 5 గంటల వరకు తరగతులు. గది తాళపుచెవి ఆమె యొద్దనే యున్నది. ముందుగా పోయి మూసిన వాకిట నిలుచుటకంటె నడుమ దిగి ఊరు చూచుట మేలని తలచి, మేమును మా పెద్దవదినగారును చెరియొక సంచి భుజమున వైచుకొని దిగితిమి.

వదినగారు మావారి అక్కగారు. పిన్నవయస్సుననే భర్త పోగా, చదువుకొని, రాజమహేంద్రవరమున ఆడపిల్లల పాఠశాలలో 31 సంవత్సరములు ఉపాధ్యాయినిగా పనిచేసిరి. తమ జీతముతోనే మూడు గదుల ఇల్లు కట్టుకొని అందు ఒంటరిగా నున్నారు. క్రిందటి సంవత్సరము ఒక రాత్రి స్నానాలగదిలో కాలు జారి పడి, తెల్లవారి పాలు పోయువాడు వచ్చి పిలుచువరకు లేవలేకపోయిరి. నాటినుండి మావారికి కంటికి నిద్ర లేదు. ఆ ఇల్లు అమ్మించి, అక్కగారిని హైదరాబాదునకు మా యింటికి తీసికొని రావలెనని వారి నిశ్చయము. "దారిలో మీరిద్దరే యుందురు గదా, మెల్లగా చెప్పి ఒప్పింపుము" అని ఆ పనిని మాకప్పగించిరి. పది దినములనుండి ఆ మాట నోటివరకు వచ్చుచు వెనుకకు పోవుచుండెను.

స్టేషను వెలుపలికి వచ్చి కొంతదూరము నడువగనే పెద్ద సంత అను పేరుగల విశాలమైన కూడలి వచ్చినది. దాని నడుమ ఒక పాతకాలపు గంటగోపురము. గోపురముపైన మాంటెను, కల్లె అను ఆలుమగల బంగారుపూత బొమ్మలు నిలిచి గంట కొట్టుచుండును. 1382లో ఫ్రెంచి సైన్యము ఈ ఊరిని తగులబెట్టినప్పుడు, బర్గండీ ప్రభువు ఇచ్చటి గడియారమును, గంట కొట్టు బొమ్మను తన రాజధానియైన డిజోనునకు తరలించుకొనిపోయెను. ఇప్పుడున్న జంట 1961 నుండి ఇచ్చట నున్నది. వదినగారు తలయెత్తి చూచి, "ముప్పదియేండ్లు బడిగంట విని బ్రదికితిని. గంట కొట్టువానికి తోడిచ్చిన ఊరిని ఇప్పుడే చూచుచున్నాను" అని నవ్విరి.

ఆ ఫ్రెంచివారి పగకు పూర్వకథ కలదు. 1302వ సంవత్సరము జూలై 11వ తేదీన ఈ ఊరి వెలుపల ఫ్లాండర్సు కాలిబంట్లు ఫ్రాన్సు రాజుగారి గుఱ్ఱపు రౌతులను ఓడించిరి. ఆ కాలిబంట్లలో అనేకులు నేతపనివారు మొదలగు వృత్తులవారు. గుఱ్ఱమును అదలించుటకు రౌతులు మడమలకు తగిలించుకొను బంగారు ముండ్లను ఏరి తెచ్చి, మేరీమాత దేవాలయమున వ్రేలాడగట్టిరి. ఎనుబది యేండ్ల తరువాత ఫ్రెంచివారు వచ్చి వానిని తీసికొనిపోయిరి. నేటికిని జూలై 11 ఫ్లాండర్సువారికి పండుగదినము.

కూడలి దాటి లైయె నది యొడ్డునకు పోయితిమి. వంతెనకు ఇటొకటి అటొకటి గుండ్రని రాతిబురుజులు పాతకోట గుర్తులుగా నిలిచియున్నవి. నీరు మెల్లగా కదలుచున్నది. ఈ నదికి బంగారునది యని పేరు. అవిసెమొక్కల కట్టలను ఈ నీట ఊరవేసి, నార తీసి, ఆ నారతో సన్నని లినెను బట్ట నేయుట ఇచ్చటివారికి అన్నము పెట్టిన పరిశ్రమ. ఇరువదవ శతాబ్దము నడుమ వరకు నదిలో ఊరవేయుట జరుగుచుండెను. ఇది చెప్పగనే వదినగారు ముక్కు మూసికొనిరి. మన శ్రీకాకుళపు పల్లెలలో గోగుకట్టలను చెరువున ఊరవేసినప్పటి వాసన ఎఱిగినవారికి, బంగారునది యొడ్డున ఆడవారు ఎట్లు వంటచేసికొనిరో వేరుగా చెప్పనక్కరలేదు.

అచ్చటనుండి మరలి, రెండు దేవాలయముల నడుమనున్న ఒక చిన్న ద్వారమున ప్రవేశించితిమి. లోపల సందడి లేదు. రాళ్లు పరచిన సన్నని వీథులు, ఇరుప్రక్కల వెల్లవేసిన చిన్నచిన్న ఇండ్లు సుమారు నలువది, నడుమ ఒక ప్రార్థనాలయము. దీనిని బెగైన్‌హోఫ్ అందురు. ఇది బెగీనులను స్త్రీలు కాపురమున్న వాడ. ఫ్లాండర్సులో ఇట్టి వాడలు పదుమూడింటిని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా నెన్నుకొన్నది, ఇది అందొకటి.

వీరు సన్యాసినులు కారు, సంసారులును కారు. పదుమూడవ శతాబ్దమున ఈ దేశమునందు పెండ్లియైనను కావలెను, మఠమైనను చేరవలెనను రెండు దారులే స్త్రీకి ఉండగా, వీరు మూడవదారి త్రొక్కిరి. అచ్చట నున్నంతకాలము బ్రహ్మచర్యముతో పెద్దమ్మ యాజ్ఞలో నుండవలెను. కాని యావజ్జీవ ప్రతిజ్ఞ లేదు. ఇష్టము లేనినాడు వెడలిపోవచ్చును, పెండ్లియాడవచ్చును. తమ ఆస్తి తమదే. నూలు వడకియు, బట్టలుతికియు, రోగులకు పరిచర్య చేసియు, ఆడపిల్లలకు చదువు చెప్పియు తమ కూడు తాము సంపాదించుకొనిరి. అందరును వీరిని మెచ్చలేదు. మార్గరెట్ పోరెట్ అను బెగీను ఒక గ్రంథము వ్రాసినందుకు 1310లో పారిసున సజీవముగా కాల్చివేయబడెను.

వాడలో జోహన్నా అను ప్రభ్విణి విగ్రహము కలదు. 1238లో ఈ వాడను నెలకొల్పినది ఈమెయే యందురు. ఈమె తండ్రి తూర్పుదేశమునకు దండెత్తిపోయి తిరిగి రాలేదు. భర్త 1214లో యుద్ధమున ఫ్రెంచివారికి చిక్కి పండ్రెండేండ్లకు పైగా చెరలో నుండెను. అంతకాలమును ఫ్లాండర్సును ఈమెయే పాలించినది. ఒంటరిబ్రదుకు ఎట్టిదో ఎఱిగిన యిల్లాలు గనుకనే ఒంటరి స్త్రీలకు ఇండ్లిచ్చినది కాబోలు ననుకొంటిమి.

ప్రపంచమునందలి బెగీనులలో కడపటి ఆమె మార్సెల్లా పాట్టిన్ ఈ వాడలోనే చాలకాల ముండెను. 1920లో కాంగోలో పుట్టిన ఆమెకు చూపు లేకుండుటచే మఠములవారు చేర్చుకొనలేదు. 1941లో ఘెంటు చెంతనున్న బెగీనులలో చేరి, 1960లో ఇచ్చటికి వచ్చెను. ఊలు అల్లుచు, ప్రార్థనాలయమున వాద్యము వాయించుచు కాలము గడపి, 2013 ఏప్రిల్ 14న కోర్ట్రైకులోనే 92వ యేట మరణించెను. ఇప్పుడీ యిండ్లలో ఇతరులు అద్దెకుండుచున్నారు.

మేమిరువురము ఒక గోడ చెంత బల్లపై కూర్చుంటిమి. ఎదుటి యింటినుండి ఒక ముసలమ్మ వెలుపలికి వచ్చి, ప్రక్కయింటి తలుపు తట్టినది. లోపలినుండి ఎవరో పలికిరి. ఆ పలుకు విని, లోపలికి పోక, ఆమె తన దారిని తాను పోయినది.

వదినగారు ఆమె పోయినవంకనే చూచుచు, "అమ్మాయీ, మా తమ్ముడు నీతో ఏదో చెప్పి పంపినాడు. పది దినములనుండి నీ ముఖము చూచుచునే యున్నాను" అనిరి.

మేము తలవంచుకొంటిమి.

"మీ యింట నాకు లోటు జరుగదు. నీ చేతి అన్నము నాకు తెలియనిది కాదు. కాని అచ్చట నేను చుట్టమును. ప్రొద్దున లేచి నా తలుపు నేను తీసికొనుటయే నాకు మిగిలిన సంసారము."

"మరల పడినచో, వదినగారూ?" అని అడుగకుండ నుండలేకపోతిమి.

వారు వెంటనే బదులు చెప్పలేదు. తుదకు, "ఆ రాత్రి నాకును భయము వేసినది. లేదనను. నాకు కావలసినది వేరొక యిల్లు కాదు, ఇప్పుడు చూచితివే, ఆ తలుపు తట్టు మనిషి" అనిరి.

సంచిలోనుండి చేతిరుమాలు తీయుచుండగా వారి యింటి తాళపుచెవి జారి రాళ్లపై పడినది. ఇంతదూరము దానిని వెంట తెచ్చుకొన్నారని మాకు అప్పుడే తెలిసినది. వంగి తీసి వారి చేతిలో పెట్టితిమి. ఇల్లు అమ్ము మాట ఆనాడు ఎత్తలేదు. మరి ఎన్నడును ఎత్తలేదు.

తిరిగి వచ్చి జరిగినదంతయు మావారితో చెప్పగా, "అక్కను చూచుకొనలేక వదలివేసినాడని లోకమనదా?" అని రెండు దినములు మాటాడలేదు. మూడవనాడు తామే రాజమహేంద్రవరమునకు పోయి, స్నానాలగదిలో నున్నని రాళ్లు తీయించి గరుకురాళ్లు వేయించి, గోడకు పట్టుకొనుటకు కడ్డీ పెట్టించిరి. వీథివైపు గది ఇప్పుడు అదే పాఠశాలలో పనిచేయు ఒక యువతికి స్వల్పమైన అద్దెకు ఇయ్యబడినది. రెండవ తాళపుచెవి ప్రక్కయింటి పిన్నిగారి యొద్ద నున్నది. ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు ఆ యువతి నడుమ తలుపు తట్టును. వదినగారు లోపలినుండి పలుకుదురు. వారు మరల పడరని మేము చెప్పజాలము. పడినచో తెల్లవారువరకు నేలపై నుండరు.

సోదరీమణులారా! మన యిండ్లలో వితంతువులై, అవివాహితలై, లేక పిల్లలు దూరదేశములకు పోయి ఒంటరులైన పెద్దవారు అనేకులు కలరు. వారిని ఎవరు తీసికొనిపోవలెనని మనము కూర్చుండి వాదించుకొందుము. అందుకు ముందు, వారికి ఎచ్చట నుండవలెనని యున్నదో వారినే ఒకమాట అడుగుడు.