ఈత క్లబ్బులో మెట్లు

అమెరికాలోని పోటీ ఈత క్లబ్బులు పిల్లలను వయసుతో పాటు నైపుణ్యాన్నీ చూసి బృందాలుగా విడదీస్తాయి. తొలి బృందంలో ముఖ్యం వేగం కాదు, నీళ్లలో ఒళ్లు తిన్నగా నిలవడం, నాలుగు రకాల ఈతలూ నియమం తప్పకుండా రావడం. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై మలుపుల్లో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకకపోతే పోటీలో అనర్హతే. పై బృందాల్లో గోడ గడియారం చూసి విరామాలు పాటించడం, తెల్లవారుజాము సాధన, నేల మీద వ్యాయామం కలుస్తాయి. సీనియర్లు వారానికి ఆరు రోజులు ఈదడం మామూలే.

అమెరికాలో పోటీ ఈతను నడిపే జాతీయ సంస్థ యూఎస్‌ఏ స్విమ్మింగ్ ‘బి’ స్థాయి మొదలుకొని నాలుగు ‘ఏ’ల (ఏఏఏఏ) స్థాయి దాకా వయసువారీ సమయ ప్రమాణాలు ప్రకటిస్తుంది. 10 ఏళ్లలోపు పిల్లలను ఆ ప్రమాణాలతోనే తూచడం అన్యాయం. ఒళ్లు ఆలస్యంగా ఎదిగే పిల్లలు తర్వాత అందుకోగలరు. తల్లిదండ్రుల వంతు పిల్లలను వేళకు చేర్చడం, పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టి టైమర్లుగా నిలబడటం. శిక్షణను కోచ్‌కే వదలాలి.