బొచ్చు కింద గుర్రం

డల్లస్‌కు ఉత్తరాన ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా గుర్రాల కంచెలే. ఇసుక కలిసిన నేల, నీరు నిలవదు, గిట్టలకు మెత్తగా ఉంటుంది. డెంటన్ కౌంటీలో ఈ భాగానికి గుర్రాల సీమగా పేరు రావడానికి ఆ నేలే కారణమంటారు. ఫ్రిస్కో ఇళ్ల ధరలకు దణ్ణం పెట్టి ఇంకా పైకి జరిగిన మనవాళ్లు కొందరు ఇక్కడ ఎకరం, రెండెకరాలు కొనుక్కున్నారు. మేమూ ఆ బాపతే. మా అమ్మాయి పిల్లలకు పశుపోషణ నేర్పే ఫోర్ ఎచ్ క్లబ్బులో చేరింది. కోళ్లతో ఆగుతుందనుకున్నాం, మినియేచర్ గుర్రం దగ్గర తేలింది.

మినియేచర్ అంటే పొట్టి పోనీ అనుకుంటారు చాలామంది. షోలకు తీసుకెళ్లేవాళ్ల ముందు ఆ మాట అనకూడదు. 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్కలో పూర్తిగా ఎదిగిన గుర్రం 34 అంగుళాలు మించకూడదు. అంటే 86 సెంటీమీటర్లు, మన డైనింగ్ టేబుల్ కన్నా కాస్త ఎత్తు. ఏడాది వయసు పిల్లకు 32, రెండేళ్లదానికి 33. మిగతా గుర్రాలను భుజాల మీది ఎత్తైన ఎముక దగ్గర కొలుస్తారు. వీటిని మాత్రం జూలులో చివరి వెంట్రుక మొలిచిన చోటి నుంచి నేల దాకా కొలుస్తారు. అయితే అసలు పరీక్ష ఎత్తులో లేదు. పక్కన మనిషో బకెట్టో లేకుండా ఫొటో తీస్తే చూసినవాళ్లు మామూలు గుర్రమే అనుకోవాలి. కాళ్లు, మెడ, వీపు అన్నీ ఆ పాళ్లలోనే ఉండాలి. రెండు గుర్రాలు అన్ని విధాలా సమానంగా నిలిచినప్పుడే చిన్నదానికి మొగ్గు. పొట్టిదనమే అందమని ఎగబడి కొనేవాళ్లు ఈ వరసను తలకిందులు చేసుకుంటారు.

మాది ఏడాది నిండని ఆడపిల్ల. ఎర్రటి ఒళ్లు, పాలనురుగు రంగు జూలు. జనవరి చలిలో ఒళ్లంతా నాలుగు వేళ్ల బొచ్చుతో వచ్చింది. పిల్లలు ముద్దు పెట్టుకున్నారు. వీడియో కాల్‌లో చూసిన మా నాన్న మాత్రం ముద్దు ఊసెత్తలేదు.

"నడిపించవే అమ్మాయ్, చూద్దాం. ఆ ఫోను కిందకి దించు, కాళ్లు కనపడాలి."

ప్రకాశం జిల్లాలో ఒంగోలు గిత్తలను తిరునాళ్ల ప్రదర్శనలకు తోలిన మనిషి. తర్వాత సుడులు ఎక్కడున్నాయని అడిగారు. ఇక్కడ సుడులకు మార్కుల్లేవు నాన్నా అంటే, "అయితే పళ్లయినా చూశారా?" అన్నారు. పళ్లు చూశాం, కానీ చూసేది వేరు. పశువుకు ముందువైపు పైపళ్లు ఉండవు, కింది పళ్లతో వయసు కడతాం. రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ధర పలికేది అందుకే. గుర్రానికి రెండు వరసలూ ఉంటాయి, అవి అంచుకు అంచు సరిగ్గా కలవాలి. పైదవడ ముందుకొచ్చినా కిందిది ముందుకొచ్చినా ఇందులో పెద్ద లోపమే. తల చిన్నదై, పళ్లు అంత చిన్నవి కాలేని జాతిలో అది తరచూ ఎదురవుతుంది. షోలో జడ్జి పెదవి ఎత్తించి మరీ చూస్తాడు.

పిల్లను ఎలా చూడాలో నాకు నేర్పింది మా కంచె అవతలి పెద్దావిడ. ఏళ్లుగా మినియేచర్లను పెంచి షోలు తిప్పింది. ఆమె మొదటి మాట: తల చివర్న చూడు. పెద్ద కళ్లు, చిన్న మూతి, నుదుటి మీద జూలు చూశాక ఇక కాళ్లు చూడబుద్ధి కాదని ఆమె వాదన. వెనక్కి వెళ్లి నిలబడి చూడమంది. మడమ కీళ్లు రెండూ ఒకదానికొకటి దగ్గరగా వంగాయా? ఎదర నుంచి చూస్తే మోకాలు, గిట్టకు పైనుండే గిలక కీలు, గిట్ట ఒకే గీతలో ఉన్నాయా? నడిచేటప్పుడు వెనక కాలు ఒక్కసారి కొయ్యబారినట్టు ఆగి, ఠక్కున వదులుతోందా? అలా వదిలితే మోకాలిచిప్ప జారుతోందని అర్థం. ఈ జాతిలో అది అరుదేమీ కాదు.

కాళ్ల విషయంలో వయసు లెక్క కచ్చితమైనది. గిలక దగ్గర ఎముక ఎదుగుదల పుట్టిన కొద్ది నెలల్లోనే ఆగిపోతుంది. అక్కడ వంకర ఉండిపోతే ఏడాది పిల్లకు గిట్ట ఎంత చెక్కినా అది పోదు, పైగా కీలు మీద భారం పడుతుంది. మోకాలి పైన ఎదుగుదల ఇంకొంత కాలం సాగుతుంది కాబట్టి అక్కడ కాస్త ఆశ ఉంటుంది. "పెద్దయ్యాక సర్దుకుంటుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఏ కీలు గురించో అడిగి తీరాలి.

సర్దుకునేవీ ఉన్నాయి. ఏడాది పిల్ల ఒకసారి వెనక ఎదుగుతుంది, ఒకసారి ముందు. మాది మార్చిలో వెనక ఎత్తు, ముందు తగ్గు, పొడుగు కాళ్లు, సన్నటి ఛాతీ. దాని తల్లిని చూసి ఉండకపోతే నేను పెదవి విరిచేదాన్నే. ఏడాది పిల్లను చూసి తీర్పు చెప్పేవాళ్లు దాని తల్లినీ తండ్రినీ కూడా చూడాలి.

ఆ చూపుకు అందనిది ఇంకొకటి ఉంది. మరుగుజ్జుతనం. అగ్రికాన్ అనే జన్యువులో వచ్చే నాలుగు మార్పులను పరిశోధకులు గుర్తించారు. ఒకే మార్పు ఉన్న గుర్రం చక్కగానే కనిపిస్తుంది. అలాంటివి రెండు కలిస్తే పుట్టే పిల్లకు నుదురు ఉబ్బి, దవడ వంకరై, కాళ్లు మెలిపడవచ్చు, లేదా గర్భమే నిలవకపోవచ్చు. కుదుళ్లతో సహా కొన్ని వెంట్రుకలు పీకి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ల్యాబుకు పంపితే తేల్చి చెబుతారు. ఇంత తేలికైన పరీక్ష ఉండగా చేయించకుండా చూడి కట్టించేవాళ్లను నేను క్షమించలేను.

ఇక తయారీ. షో అనగానే అందరికీ క్లిప్పరూ నూనే గుర్తొస్తాయి. మొదలు మేత దగ్గరుంది. శీతాకాలపు బొచ్చు పక్కటెముకల్నీ దాస్తుంది, కొవ్వునీ దాస్తుంది. వేళ్లు బొచ్చులోకి దూర్చి పక్కటెముకలు తడిమి చూడాలి. కాస్త ఒత్తితే తగలాలి, కంటికి కనపడకూడదు. మాది పొట్ట వేలాడుతుంటే బాగా తింటోందని మురిశారు పిల్లలు. తడిమితే వీపు మీద ఎముక గుచ్చుకుంది. ముతక గడ్డితో కడుపు నిండింది గానీ ఒంటికి మాంసకృత్తులు పట్టలేదు. పశువైద్యుడు లద్దె పరీక్ష చేసి నులిపురుగుల మందు వేశాడు. అల్ఫాల్ఫా కొంచెం కలిపాం. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు గడ్డి అన్నది ఉజ్జాయింపు కొలత. టెక్సాస్‌లో చవగ్గా దొరికే సన్నపాటి కోస్టల్ బెర్ముడా గడ్డి పేగుల్లో ఉండకట్టి కడుపునొప్పి తెస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడలేదు. పొట్ట తగ్గాలని పస్తు పెట్టడం మరీ ప్రమాదం. మేత తగ్గిన మినియేచర్‌కు ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం మీదికి వస్తుంది. అతిగా పెడితే గిట్టల్లో వాపు. ఈ జాతికి రెండువైపులా గొయ్యే.

మెడ సన్నగా కనపడాలని దానికి రబ్బరు పట్టీ చుట్టి చెమట పట్టిస్తారు కొందరు. ఏడాది పిల్లకు అదెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. మేం చుట్టలేదు.

నిలబడటం నేర్పడమే అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. హాల్టర్ క్లాసులో స్వారీ ఉండదు, బండి ఉండదు. జడ్జి వైపు నడవాలి, తిరిగి పరుగుతో వెళ్లాలి, తర్వాత నాలుగు కాళ్లూ చతురంగా పెట్టి, మెడ చాచి, చెవులు నిక్కించి నిలబడాలి. పెద్దావిడ చెప్పినట్టు మా అమ్మాయి రోజూ పది నిమిషాలకు మించకుండా చేయించింది. ముందు వెనక కాలు ఒకటి స్థిరపడాలి, తర్వాత రెండోది. పగ్గం కొద్దిగా వెనక్కి నెడితే ఒక్క అడుగు, వదిలేస్తే ఆగడం. పచ్చగడ్డి పరక చూపించి చెవులు ముందుకు తెప్పించాలి, కానీ ప్రతిసారీ తినిపించకూడదు. తినిపిస్తే జేబులు కొరకడం మొదలెడుతుంది. పిల్ల విసుగ్గా కాలు నేలకు కొట్టిందంటే ఆ రోజుకు చాలు. ఆ పని మధ్యలో పెదవి ఎత్తడం, చెవులు తడమడం, క్లిప్పరు ఊరికే ఆన్ చేసి భుజానికి ఆనించడం కూడా అలవాటు చేశాం.

క్లిప్పింగ్ షోకు వారం ముందు. తలంటి ఆరబెట్టాలి, లేకపోతే దుమ్ముకు బ్లేడు మొద్దుబారి గాట్లు పడతాయి. వెంట్రుక వాలుకు ఎదురు నడపాలి, ఒంటికి 10వ నంబరు బ్లేడు. అరచెయ్యి పెట్టి చూస్తే అయిదు నిమిషాలకే బ్లేడు కాలుతుంది, ఆగి నూనె పోసి చల్లార్చాలి. నేల మీద ఎర్రటి బొచ్చు గుట్టగా పడుతుంటే దాని కింద నుంచి సన్నటి మెడ, వంపు తిరిగిన వీపు, ముదురు ఊదారంగు చర్మం బయటికొచ్చాయి. అప్పుడు తెలిసింది భుజం వాలు ఎంత బాగుందో. క్లిప్ చేశాక రాత్రిళ్లు దుప్పటి తప్పదు. మూతి మీసాలు మాత్రం తీయలేదు. గుర్రానికి అవి చూపు అందని చోట స్పర్శ. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021 నుంచి తన పోటీల్లో వాటిని తీయడాన్ని నిషేధించింది. మినియేచర్ రింగుల్లో ఇంకా గొరుగుతూనే ఉన్నారు.

అంటుకునే రక్తహీనత జబ్బు లేదని చెప్పే కాగిన్స్ పరీక్ష కాగితం పట్టుకుని మే నెలలో దగ్గర్లోని షోకు వెళ్లాం. పిల్ల చక్కగా నిలబడింది, పక్కన ఏదో మగపిల్ల సకిలించినా కదల్లేదు. మూడో స్థానం ఇచ్చారు. వెనక ఎత్తు ఇంకా ఉంది కాబట్టి అది న్యాయమే. నాన్న ఫొటో చూసి, "వచ్చే ఏటికి ముందు లేస్తుంది లేవే" అన్నారు.

ప్రాస్పర్, సెలైనా వైపు స్థలాలు కొన్న మనవాళ్లు పిల్లల పుట్టినరోజుకు మినియేచర్ కొందామని అడుగుతున్నారు. కొనండి. కానీ బొచ్చు తగ్గాక చూడండి, లేదా చేతులతో చూడండి. పెదవి ఎత్తించండి, వెనక నుంచి నడిపించి చూడండి, జన్యుపరీక్ష కాగితం అడగండి. ఒక్కదాన్ని మాత్రం తేవద్దు. మందలో బతికే జంతువు ఒంటరిగా దిగులు పడుతుంది, తోడు గుర్రమో కనీసం గాడిదో ఉండాలి. పాతికేళ్లు దాటి బతుకుతుంది. మీ అమ్మాయి చదువుకని ఆస్టిన్ వెళ్లిపోయాక తెల్లవారుజామున మేత వేసేది మీరే.