ఊపిరాడని బండి

కారుకు పికప్పు పెంచాలంటే మన కుర్రకారుకు ముందు గుర్తొచ్చేది కోన్ ఫిల్టరు! గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బురేటరు బండిలో గాలి పెంచి జెట్టు మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది, వాల్వులు కాలిపోవచ్చు కూడా. పైగా బానెట్టు కింద అది పీల్చేది వేడిగాలి. అందులో ఆక్సిజను తక్కువ.

మా రూమ్మేటు వాళ్ళ నాన్నగారి పాత మారుతి 800కి అదే బిగిస్తానని కూర్చున్నాడు. "ముందు ప్లగ్గులు చూద్దాం గురూ" అన్నాను. మూడింటికీ మసే! ఫిల్టరు ఎండకు పట్టి చూస్తే వెలుతురు చొరబడలేదు. బండికి ఊపిరే ఆడటం లేదన్నమాట. కొత్త కాగితపు ఫిల్టరు వేశాం, ప్లగ్గుల గ్యాపు, టైమింగు సరిచేశాం. మూలుగుతూ ఎక్కే ఫ్లైఓవరు ఇప్పుడు హాయిగా ఎక్కేస్తోంది. మావాడు కోన్ ఊసు మాత్రం మానలేదు. పికప్పు కోసం కాదట, ఆ చప్పుడు కావాలట!