బోధను త్రోవలో పాతబండి దీపములు

నిజామాబాదునకు ఇందూరు అనునది పాతపేరు. ఆ పట్టణమునుండి పడమటగా బోధనునకు బోవు త్రోవ సుమారు 25 కిలోమీటర్లు. జానకంపేట కడ అశోకసాగరమను చెఱువును, దాని నడుమ నిలిపిన సరస్వతీ ప్రతిమయు కన్నులపండువుగా నుండును. ఎడపల్లి దాటి ముందునకు బోవునప్పుడు పొలములును కాలువలును కనవచ్చును. మంజీర నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరపు నీరు కాలువలలో బాఱుటచేత ఈ సీమలో చెఱకు విరివిగా పండెను. చెఱకు పండుటచేత 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. కర్మాగారమును ఆశ్రయించి శక్కర్‌నగరమను పేట పెరిగెను. ప్రాచీనమైన అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనము ఈ బోధనమే యని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. ఇంతటి ఊరిలో 2015లో కర్మాగారపు యంత్రములు నిలిచిపోయినవి. చెఱకు బండ్లు బారులు తీరిన దినములను పెద్దలు నేటికిని తలచుకొందురు.

సోదరీమణులారా! ఈ త్రోవనుగూర్చి వ్రాయుటకు వేఱొక కారణము గలదు. సంక్రాంతి సెలవులలో మేము గోదావరి, మంజీర, హరిద్ర యను మూడు నదులు కలియు కందకుర్తికి ప్రయాణమైతిమి. మా బావగారికి పాత డేరాబండి యొకటి కలదు. పూర్వము కాలువపనుల గుత్తదారు ఒకరు బసకొఱకు చేయించుకొనినది. రెండు చక్రముల ఇనుపచట్రముపై రేకుల గది, అందు రెండు పడకలు, ఒక చిన్న వంటబల్ల. దానిని జీపు వెనుక తగిలించి లాగుకొనిపోవలెను. మనుష్యులము జీపులోనే కూర్చుందుము. బస చేయునపుడే బండిలోనికి పోవుదుము. లోపలి దీపములకును పంకాకును బండిలోనే 12 వోల్టుల బ్యాటరీ కలదు. వెనుక నుండు ఎఱ్ఱదీపములకు మాత్రము జీపునుండి తీగల కట్ట వచ్చును.

బోధను చేరువేళకు ప్రొద్దు గ్రుంకినది. వెనుకనుండి వచ్చు లారీవాడు మమ్ము దాటిపోవుచు, మా బండికి దీపములు లేవని కేకవేసెను. దిగి చూడగా వింతయైన సంగతి కనబడినది. దీపములు బొత్తిగా ఆరిపోలేదు. మామూలు ఎఱ్ఱదీపము వేసిన, దానితోపాటు బ్రేకుదీపము మినుకు మినుకుమనుచున్నది. బ్రేకు త్రొక్కిన, ఎఱ్ఱదీపము మలగిపోవుచున్నది. గతుకు తగిలినపుడు ఒక్క నిమిషము అన్నియు చక్కబడి మరల మసకబారును. లోపలి పంకాయు ముసలివాని నడకవలె మెల్లగా తిరుగుచుండెను. బుడ్లు మార్చవలెనని ఒకరు, బ్యాటరీ చచ్చినదని మఱియొకరు చెప్పిరి. క్రొత్త బ్యాటరీ యనిన వేలతో పని. పంతులుగారి జీతములో పండుగ నెలలో అది చిన్న మాట కాదు. దీపములు లేని బండితో చీకటిలో కందకుర్తికి బోవుట అంతకంటె పెద్ద మాట. కావున ఆ రాత్రి శక్కర్‌నగరములో చుట్టముల ఇంట నిలిచితిమి.

వారి పొరుగున, చక్కెర కర్మాగారమున విద్యుత్తు పనులు చేసి విరమించిన వృద్ధు డొకరు కలరు. చెఱకు పిప్పిని మండించి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో విద్యుత్తు తీయు విధమును ఆయన కథవలె చెప్పుచుండగా పిల్లలు చుట్టు మూగిరి. మరునాటి యుదయమున ఆయన బండియొద్దకు వచ్చి, ఏ పనిముట్టును ముట్టక మున్ను నన్ను పిలిచి యిట్లనెను:

“బిడ్డా, దీపానికి కరెంటు పోయే తొవ్వ ఒకటుంటది, మళ్ళ వచ్చే తొవ్వ ఒకటుంటది. అందరు పోయే తొవ్వనే చూస్తరు. నువ్వు వచ్చే తొవ్వ చూడు.”

ఇందలి మర్మమిది. ఇంటి దీపమునకు రెండు తీగ లుండుట మన మెఱుగుదుము. ఇట్టి పాతబండ్లలో పలుచోట్ల దీపమునకు ఒక్క తీగయే పోవును. దీపమును దాటిన విద్యుత్తు బండి ఇనుపచట్రముగుండా తిరిగి బ్యాటరీని చేరును. ఆ చట్రమునకు తీగను బిగించిన మరచీల త్రుప్పుపట్టినచో తిరుగుత్రోవ ఇరుకగును. అప్పుడు విద్యుత్తు ప్రక్కనున్న మఱియొక దీపములో దూఱి, దాని తీగగుండా వెనుకకు పోవ జూచును. అందుచేతనే ఒక దీపము వేయగా రెండవది మినుకుమనును. ఒకటి వేసిన వేఱొకటి తానుగా మెరసినయెడల బుడ్డిని గాక తిరుగుత్రోవను మొదట అనుమానింపవలెను.

పిమ్మట ఆయన పన్నెండు వోల్టుల చిన్న బుడ్డికి రెండు పొడవైన తీగలు కట్టి నా చేతికిచ్చెను. నేను చేసిన పరీక్షలు నాలుగు.

మొదట తీగలను బ్యాటరీ రెండు ధ్రువములకు తాకించితిని. బుడ్డి తెల్లగా వెలిగెను. మీటరుతో చూడగా 12.6 వోల్టులు. అనగా బ్యాటరీ నిండుగా నున్నది. రెండవది, ఒక తీగను పంకాకు విద్యుత్తు తెచ్చు తీగచివరకును, మఱియొకదానిని బ్యాటరీ ఋణధ్రువమునకును తాకించితిని. అప్పుడును బాగుగా వెలిగెను. పోవు త్రోవ మంచిదే. మూడవది, ఈ రెండవ తీగను ఋణధ్రువమునుండి తీసి బండి చట్రమునకు ఆనించితిని. బుడ్డి మసకబారెను! నాలుగవది, ఋణధ్రువమునుండి చట్రమునకు విడిగా ఒక లావుతీగను పట్టితిని. తత్క్షణమే పంకా జోరుగా తిరిగెను. పిల్లలు చప్పట్లు చఱచిరి.

దోషము జీపుకొక్కెమునకు దాపున చట్రమునకు బిగించిన ఒకే యొక మరచీల. బ్యాటరీ ఋణతీగయు, జీపునుండి వచ్చు తీగలకట్టలోని తిరుగుతీగయు దానికే తగిలియున్నవి. కావున లోపలి పంకాకును వెలుపలి దీపములకును ఒక్క వ్యాధియే. మొదట జీపు తీగలకట్టను ఊడదీసి, బ్యాటరీ ఋణతీగను విప్పితిమి. మరచీలను తీసి, త్రుప్పును గరుకుకాగితముతో ఇనుము మెఱయువఱకు రుద్ది, క్రొత్త మరచీల గట్టిగా బిగించి, తడి సోకకుండ పైన వాజలీను పూసితిమి. కాగితమునకును మరచీలకును కలిపి ఏబది రూపాయలైనను కాలేదు. బ్యాటరీ ఖర్చు తప్పినది.

ఇట్టి బండిని వాడు సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. బ్యాటరీకడ పనిచేయుటకు ముందు బంగారు గాజులు, ఉంగరములు తీసివేయవలెను. మెడలోని గొలుసు వ్రేలాడకుండ కట్టుకొనవలెను. బ్యాటరీ రెండు ధ్రువములకు లోహము అడ్డుపడిన, క్షణములో కాగి చేయి కాల్చును. తీగలు విప్పునపుడు ఋణతీగను మొదట విప్పి, బిగించునపుడు దానినే చివర బిగింపవలెను. విద్యుత్తు ఎక్కించుకొను బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పంటుకొను స్వభావము గలది గనుక దగ్గఱ అగ్గిపుల్ల గీయరాదు. ఫ్యూజు కాలిపోయినచో లావుతీగను చుట్టరాదు. తీగ కాలకముందే తాను కాలి బండిని కాపాడుటకే ఫ్యూజు పుట్టినది. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు; దానికి ఈ బుడ్డిపరీక్ష పనికిరాదు, పనివానినే పిలువవలెను.

ఆ మధ్యాహ్నమే రెంజలు మీదుగా కందకుర్తి చేరితిమి. నదిలోని రాతి శివాలయమును దర్శించి, ఒడ్డున వంట చేసికొని, రాత్రి బండిలోనే పరుండితిమి. మరునాటి సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు, రోడ్డుప్రక్కన ట్రాక్టరు వెనుక చెఱకు నిండిన ట్రాలీలు ఆగియుండుట చూచితిమి. ఒకదానికైనను వెనుక దీపము లేదు. గడలు వెనుకకు బారెడు పొడుచుకొని యున్నవి. మోటారుసైకిలుపై వచ్చు వానికి చీకటిలో అవి కనబడునది తగిలిన పిమ్మటనే.

వ్యవసాయము గల ఇండ్లలో ట్రాలీ పొలమునకు పోవుట ఇల్లాలికి తెలియకుండ జరుగదు. బండి కదలకముందు ఒకరు జీపులోనో ట్రాక్టరుపైనో కూర్చుండి బ్రేకు త్రొక్కగా, మఱియొకరు వెనుక నిలిచి దీపములు చూచుటకు రెండు నిమిషములు చాలును. దీపము మసకగా నున్నచో మరచీలను చూడుడు. ఎంతకును వెలుగనిచో, దీపము బాగగువఱకు ఆ రాత్రికి బండిని ఇంటనే నిలుపుడు. ఎఱ్ఱని ప్రతిఫలన పట్టీ లన్నియు అతికించినను దీపమునకు సాటి రావు.