నిరాశ్రయుల వసతిగృహమున ఒక రాత్రి

రైల్వే స్టేషనుకు కూతవేటు దూరమున, పూర్వము మునిసిపల్ ప్రాథమిక పాఠశాల నడచిన భవనపు మేడమీద, ఇల్లులేని పురుషుల కొఱకు నగరపాలక సంస్థ ఏర్పఱచిన వసతిగృహము కలదు. ఆ నగరము పేరును, గృహమును నడుపుచున్న స్వచ్ఛంద సంస్థ పేరును ఇచ్చట వ్రాయను. ఏలయన, నేను చెప్పదలచిన సంగతి నగరపాలక సంస్థలు సొమ్మిచ్చి అన్యులచేత నడిపించు సేవాకార్యములన్నిటికిని చెందినది. ఇట్టి కార్యములను గూర్చి వ్రాయువారు ప్రారంభోత్సవములను వర్ణింతురు గాని, వానిని నిలబెట్టుచున్న కాంట్రాక్టు పత్రమును విప్పి చదువుట అరుదు. అందలి షరతులు రాత్రివేళ ఆ మేడమీద ఎట్లు అమలగుచున్నవో కన్నులార చూడవలెనని నేను వెళ్లితిని.

మెట్లెక్కినంతనే ఎడమప్రక్క ఒక బల్ల, బల్లమీద హాజరు పుస్తకము, దానికి దారముతో కట్టిన పెన్ను, వేలిముద్రల కొఱకు ఇంకు ప్యాడు. ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ఒక్కరొక్కరుగా రాసాగిరి: మార్కెట్టు హమాలీలు, పెండ్లిండ్లలో వడ్డనకు పోవువారు, చిత్తుకాగితములేరువారు, కొడుకులతో పొసగక ఊరు విడిచివచ్చిన ముసలివారు. కేర్‌టేకరు పాతికేండ్ల యువకుడు. వచ్చినవారిలో సగముమందిని పేరుపెట్టియే పిలుచుచుండెను. నెత్తిన తువాలు చుట్టుకొన్న ఒక పెద్దాయన, చేతిసంచి గుండెలకు హత్తుకొని, గడప దాటుటకు సంకోచించుచు నిలిచెను.

"లోపలికి రా పెద్దాయనా. ఊరూ పేరూ చెప్పు, చాలు."

"ఆధార్ కార్డు పోయింది బాబూ. రైల్లో ఎవరో సంచి కొట్టేశారు."

"లేకపోతే పర్లేదులే. వేలిముద్ర వేస్తావా, సంతకం పెడతావా?"

పుస్తకములోని గడులన్నియు నిండినవి: వరుస సంఖ్య, పేరు, వయస్సు, స్వగ్రామము, చేయు పని, వచ్చిన వేళ. గుర్తింపు పత్రపు సంఖ్య వ్రాయవలసిన గడి దగ్గఱ ఆ యువకుడు నిమిషమైనను ఆలోచింపక ఒక అడ్డుగీత గీచెను. ఆ గీత గీయుటకు అతనికి అధికారమిచ్చినది నా చేతిలోని కాంట్రాక్టు పత్రమున పదునాలుగవ పుటలోనున్న ఒక వాక్యము: గుర్తింపు పత్రము లేదను కారణమున ఎవ్వరినిగాని త్రిప్పి పంపరాదు. ఆ వాక్యమే లేకున్నచో, దయాళువైన కేర్‌టేకరు ఉన్ననాడు ఆ పెద్దాయనకు మంచము దొరకును, భయస్థుడైనవాడు ఉన్ననాడు ప్లాట్‌ఫారమే గతియగును. దయను దినదినమును అడుగుకొనవలసిన అవస్థనుండి బీదవానిని తప్పించుటకే షరతులు పుట్టినవని నా దృఢమైన అభిప్రాయము.

ఈ షరతుల వెనుక ప్రాణములు పోయిన చరిత్ర యున్నది. 2001లో ఆరంభమైన ఆహారహక్కు వ్యాజ్యము ఇంకను నడచుచుండగా, 2009-10 శీతకాలమున ఢిల్లీలో నిరాశ్రయుల తాత్కాలిక ఆశ్రయమొకటి తొలగింపబడెను. ఆ వ్యాజ్యమున కమిషనర్లుగా నియమితులైన ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ గార్లు చలిలో మనుష్యులు మరణించుచున్నారని సుప్రీంకోర్టుకు విన్నవించిరి. పిమ్మట ఆ న్యాయస్థానము, పెద్ద నగరములలో లక్ష జనాభాకు ఒక్కటి చొప్పున, ఏడాది పొడవునను 24 గంటలును తెరచియుండు వసతిగృహములు నెలకొల్పవలెనని ఆదేశించినది. 2011 జనగణనలో దేశపు పట్టణములందు ఇల్లులేనివారు 9 లక్షల 38 వేలకు పైబడి తేలిరి. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చి, మనిషి యొక్కనికి 50 చదరపు అడుగుల తావు, గాలి వెలుతురు, త్రాగునీరు, స్నానపు గదులు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స పెట్టె, వంటకు వసతి, ఒక మేనేజరు, వంతులవారీగా ముగ్గురు కేర్‌టేకర్లు ఉండవలెనని నిర్ణయించినది. నిధులున్నను పనులు సాగుటలేదని సుప్రీంకోర్టు 2016లో జస్టిస్ కైలాస్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీని వేయవలసి వచ్చినది. నగరపాలక సంస్థలు ఈ గృహములను సాధారణముగా స్వయముగా నడుపవు. టెండరు పిలిచి, మూడేండ్ల ఆడిటు లెక్కలును ధరావతును చూపిన స్వచ్ఛంద సంస్థకు అప్పగించును. కావున న్యాయస్థానపు ఆజ్ఞ ఆ పెద్దాయన మంచము వఱకు నడచివచ్చుటకు ఉన్న దారి ఈ కాంట్రాక్టు పత్రమే.

పదునొకండు గంటల వేళ వాన పట్టినది. ఫ్లైఓవరు క్రింద పరుండువారు, దుకాణముల అరుగుల మీదివారు తడిసిన దుప్పట్లతో మెట్లమీద గుమిగూడిరి. మంచములన్నియు నిండియున్నవి. ఇచ్చట పత్రములోని రెండు షరతులు ఒకదానికొకటి ఎదురుపడినవి: నిర్ణీత సంఖ్యకు మించి చేర్చుకొనరాదని ఒకటి, ఆపత్సమయమున ఎవ్వరికిని ఆశ్రయము నిరాకరింపరాదని మఱొకటి. మొదటిదానిని మీఱినచో తనిఖీకి వచ్చిన అధికారి జరిమానా వ్రాయవచ్చును. రెండవదానిని మీఱినచో తెల్లవారునప్పటికి అరుగుమీద ఒక శవము కనబడవచ్చును. కేర్‌టేకరు ఒక క్షణము నావైపు చూచి, వరండాలో చాపలు పఱచి, గోడవైపు టార్పాలిన్ దించి కట్టి, అందఱిని లోనికి రమ్మనెను. పిదప హాజరు పుస్తకమున ప్రత్యేకముగా ఒక పుట తీసి, పైన "వర్షం కారణంగా అదనం" అని వ్రాసి, ఒక్కొక్కరి పేరును కుదురుగా ఎక్కించెను. దాచుటకు అతడు యత్నింపలేదు. ఆ పుటను చూచినపుడు నాకు అతనిపై గౌరవమును, రెండు షరతులలో ఏది పెద్దదో ఒక్క వాక్యములో తేల్చిచెప్పని పత్రరచయితలపై కోపమును కలిగినవి. వాన ఏటేటను వచ్చునదే. దానిని గూర్చిన నిర్ణయమును నెలజీతపు కుఱ్ఱవాని భుజములపై వదలుట న్యాయము కాదు.

ఇక సొమ్ము మాట. పైని చెప్పిన జాతీయ మిషన్ మార్గదర్శకములు 50 మంది వసతిగృహమునకు నిర్వహణ నిమిత్తము సాలుకు 6 లక్షల రూపాయలు నిర్ణయించినవి. అందు మొదట సాధారణముగా కేంద్రము వంతు నూటికి 75, రాష్ట్రము వంతు 25గా నుండెను, అదియును ఐదేండ్ల పాటు. నెలకు 50 వేలు. తలకు దినమునకు లెక్కించినచో 33 రూపాయలు కూడ నిండవు. ఇందుండియే నలుగురి జీతములు, దుప్పట్ల ఉతుకుడు, ఫినాయిలు, దోమలమందు, కాలిపోయిన బల్బులు, విఱిగిన కుళాయిలు. అదే పత్రమున సిబ్బందికి కనీస వేతనము చెల్లింపవలెనని, భవిష్యనిధి, ఈఎస్ఐ చందాలు కట్టవలెనని కూడ వ్రాసియున్నది. వ్రాయుట ధర్మమే, కాని వ్రాసినవారు ఆ కూడిక తామే వేసి చూచి, చాలునంత మొత్తమును నిర్ణయించుట అంతకంటె ముందు చేయవలసిన ధర్మము.

ఉన్న ఆ సొమ్మైనను చేతికి వచ్చుటకు వినియోగ ధ్రువపత్రము కావలెను. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలోని 12-ఎ నమూనాలో, వచ్చినదెంత, వ్యయమైనదెంత, మిగిలినదెంత అని నింపి పంపినగాని తరువాతి వాయిదా కదలదు. ప్రజాధనమునకు లెక్క చెప్పుటలో తప్పేమియు లేదు. ఈ వసతిగృహపు మేనేజరమ్మ చూపిన రసీదుల కట్టలు తేదీల వరుసన ఉన్నవి, చాకలికిచ్చిన సొమ్మునకు కూడ రసీదున్నది. కాని లెక్క చెప్పు బాధ్యత ఒక్క పక్షముననే యున్నది.

"బిల్లు పెట్టిన తర్వాత డబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరండీ," అని ఆమె పలికినది. "అందాకా కిరాణా కొట్టాయన ఖాతా రాసుకుంటాడు. జీతాలకి మా సంస్థలో ఒకరి నగలు బ్యాంకులో పెట్టాం. పిల్లలు మానేసి వెళ్లిపోతే రాత్రి తలుపు ఎవరు తీస్తారు?"

పత్రము తిరుగవేసితిని. కేర్‌టేకరు గైర్హాజరైనచో జరిమానా, దుప్పటి మురికిగా నున్నచో జరిమానా, నివేదిక ఆలస్యమైనచో జరిమానా. నగరపాలక సంస్థ సొమ్ము ఆలస్యము చేసినచో ఏమగునో చెప్పు వాక్యము ఆ పుటలలో నెచ్చటను లేదు. ఇద్దఱు సంతకములు చేసిన పత్రమున ఒక్కరికే శిక్ష యున్నచో దానిని ఒడంబడిక యనుట తగదు. బిల్లు చేరిన ఇన్ని దినములలో చెల్లింపవలెను, మీఱినచో వడ్డీ ఇయ్యవలెను అను షరతు చేర్చినచో, ఆ వడ్డీ భయముననే కాగితములు బల్లనుండి బల్లకు వేగముగా కదలును.

నేను మనసార మెచ్చిన షరతు కూడ ఒకటి కలదు. వచ్చినవారికి పడక చూపుటతో సరిపెట్టక, ప్రభుత్వమునుండి వారికి రావలసిన హక్కులతో వారిని కలుపవలెనని పత్రము శాసించుచున్నది: ఆధార్, ఓటరు కార్డు, రేషను, పింఛను, బ్యాంకు ఖాతా, ఉచిత న్యాయసహాయము. ఇల్లులేనివానికి చిరునామా యుండదు. చిరునామా లేనిదే కార్డు రాదు. కార్డు లేనిదే పింఛను రాదు. ఈ ముడిని విప్పుటకు మేనేజరమ్మ వసతిగృహపు చిరునామాతో ధ్రువపత్రములు వ్రాసి, మనిషిని వెంటబెట్టుకొని కార్యాలయములకు తిరుగుచున్నది. కిటికీ ప్రక్క మంచముమీది తాత తన పాస్‌బుక్కును ప్లాస్టిక్ సంచిలోనుండి తీసి, పింఛను జమయైన వరుసను వ్రేలితో నాకు చూపెను. "ఇది చూసి మనవడు ఫోన్ చేశాడయ్యా," అనెను. నెలసరి నివేదికలో ఈ పని యంతయు "అనుసంధానములు" అను గడిలో ఒక అంకెగా చేరును. ఆ అంకె వెనుక ఎన్ని క్యూలు, ఎన్ని తిరుగుళ్లున్నవో అడిగి తెలిసికొను అధికారి రావలెనని నా కోరిక.

ఇన్ని హక్కులను ఇముడ్చుకొన్న ఆ పత్రము ఆద్యంతము ఇంగ్లీషున నున్నది. దానిని అమలుజరుపు కేర్‌టేకరు చదువలేడు. దానివలన లబ్ధి పొందువారు అది యున్నదనియే యెఱుగరు. అడుగుకొని తీసికొను దుప్పటి తమకు హక్కుగా రావలసినదని ఆ మేడమీద ఎవ్వరికిని ఎవ్వరును చెప్పలేదు. వసతిదారులకు సంబంధించిన షరతులను మాత్రమైనను తెలుగునను ఉర్దూనను పెద్ద అక్షరములతో గోడమీద వ్రాయించుట సున్నపు ఖర్చుతో పోవు పని. నివాసులకు చోటుగల నిర్వహణ కమిటీ కూర్చున్నపుడు వానిని ఒక్కటొక్కటిగా చదివి వినిపింపవచ్చును.

తెల్లవాఱుజామున హమాలీలు లేచి పోయిన తరువాత మేనేజరమ్మ మఱొక కాగితము చూపినది. కాంట్రాక్టు గడువు ముగియవచ్చుచున్నది. క్రొత్త టెండరు ముసాయిదా సిద్ధమగుచున్నదట. తక్కువకు వేసినవారికి గృహము పోయినచో, ముసలివారి ధ్రువపత్రములు, సగములోనున్న పింఛను దరఖాస్తులు, పేరుపెట్టి పిలువగల ఆ యువకుడు ఏమగుదురో ముసాయిదాలో లేదు. సంస్థ మాఱినను పనిచేయుచున్న కేర్‌టేకర్లను కొనసాగింపవలెననియు, ప్రతి నివాసి దస్త్రమును సంతకములతో అప్పగింపవలెననియు ఒక షరతును మేమిద్దఱము మెట్లప్రక్కనున్న ఆ బల్లయొద్దనే కూర్చుండి వ్రాసితిమి. వానకాలపు అదనపు చాపలను గూర్చియు, వడ్డీని గూర్చియు చెఱియొక వాక్యము చేర్చితిమి. పదిగంటలకు ఆమె ఆ కాగితమును తీసికొని నగరపాలక కార్యాలయమునకు బయలుదేఱినది. అచ్చటి గుమాస్తా స్వీకరించి, ప్రతిమీద ముద్ర వేసి ఇచ్చెనని మధ్యాహ్నము ఫోనులో తెలిపినది.